కాయ పడే చోటే అసలు దూరం

మా కోనసీమలో ఎత్తయిన ప్రదేశం ఏదని అడిగితే ఏటిగట్టు అని చెప్పాలి. దాని తరవాత రాజోలు సెంటర్లో మూడంతస్తుల మేడలు. అలాంటి చోట పుట్టి, ఇరవై ఏళ్ళొచ్చే దాకా కొండంటే కేలెండరు బొమ్మలో తప్ప చూడని నన్ను పట్టుకెళ్ళి, పదకొండేళ్ళపాటు కొండల్లో రైఫిల్ గురి నేర్పే ఉస్తాదుగా పెట్టింది సైన్యం. దేవుడికి హాస్యం కాస్త ఎక్కువని మా పాస్టరుగారు అంటూ ఉంటారు. ఎవరు నమ్మినా నమ్మకపోయినా నేను నమ్ముతాను.

ఇప్పుడు రిటైరై ఊళ్ళో ఉంటున్నాను. పొద్దున్నే గట్టు మీద నడకకి వెళితే, సైన్యంలో చేరడానికి పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళు ఎదురవుతారు. నన్ను ఆపి అడిగే మొదటి ప్రశ్న ఒకటే.

"మేస్టారండీ, ఎంతమందిని కాల్చేరండీ?"

"కాగితాల్ని వేలల్లో, ఇనప పలకల్ని వందల్లో కాల్చేనయ్యా" అంటాను. వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. మళ్ళీ పరుగు మొదలెడతారు.

ఆ పరుగెత్తేవాళ్ళలో ఒకరో ఇద్దరో ఎప్పటికైనా నాలాగే ఇంకొకళ్ళ వెనక నిలబడి గురి నేర్పే పనికి వస్తారు. ఇది వాళ్ళ కోసం. నా చొక్కా చేతికి ఏ హోదా పట్టీ ఏ ఏడాది వచ్చిందో ఇందులో ఉండదు. అది మా ఆవిడకే బాగా గుర్తుంది, కావలసినవాళ్ళు ఆవిణ్ణి అడగొచ్చు. కాఫీ కూడా ఇస్తుంది.

ఎక్కినా దిగినా ఒకటే

ముందు విషయం చెప్పెయ్యాలి. ఇది తెలియకపోతే తరవాత నేను చేసిన ఘనకార్యం మీకు అర్థం కాదు.

రైఫిల్లోంచి బయటికొచ్చిన తూటా తిన్నగా పోదు. పోతూ పోతూ కిందికి దిగుతుంది. అందుకని దూరాన్నిబట్టి రైఫిల్ మూతి కొంచెం పైకి లేచేలా, దుర్భిణి మీద ఉండే చక్రాన్ని తిప్పి పెట్టుకుంటాం. మూడువందల మీటర్లకి కొంత, అయిదువందలకి ఇంకాస్త. మైదానంలో ఇంతకంటే తలనొప్పి లేదు.

కొండ మీదికి కాల్చాలంటే? ఎవర్ని అడిగినా "పైకి కదండీ, ఇంకా పైకి పెట్టాలి" అంటారు. మామిడికాయని రాయి పెట్టి కొట్టిన అలవాటు అది. కిందికి కాల్చాలంటే "కొంచెం కిందికి" అంటారు. ఇందులో మొదటిది పూర్తిగా తప్పు. రెండోది ఒప్పే గానీ చెప్పినవాడికి ఎందుకు ఒప్పో తెలీదు. నిజమేమిటంటే, పైకి కాల్చినా కిందికి కాల్చినా, చదునునేల మీద అంత దూరానికి పెట్టేదానికంటే తక్కువే పెట్టాలి. భూమి తూటాని నిలువునా కిందికి లాగుతుంది తప్ప కొండ వాలు వెంబడి లాగదు. కాబట్టి తూటా ఎంత దిగిపోతుందనేది మన కంటికీ గురిపెట్టిన ఇనప పలకకీ మధ్య ఉన్న ఏటవాలు దూరం మీద ఆధారపడదు. ఆ దూరాన్ని చదునుగా నేల మీద పరిస్తే ఎంతవుతుందో దాని మీద ఆధారపడుతుంది. అది ఎప్పుడూ తక్కువే.

ముప్పై డిగ్రీల వాలులో అయిదువందల మీటర్లంటే లెక్కకి వచ్చేది నాలుగువందల ముప్పై. అయిదువందలే పెట్టి కాల్చేరనుకోండి, తూటా పలక నెత్తిమీంచి పోతుంది.

ఇప్పుడు దూరం కొలిచే కొత్త యంత్రాలొచ్చాయి. వాటిలో కొన్ని వాలుని అవే తీసేసి చదును దూరమే చూపిస్తాయి. తెలివైన కుర్రాళ్ళు దాంట్లోంచి మళ్ళీ ఇంకోసారి తీసేసి పలక కిందనున్న మట్టిని కాలుస్తారు. యంత్రం చేతికివ్వగానే అది ఏ దూరం చెబుతోందో మొదట అడిగి తెలుసుకోండి. సిగ్గుపడకండి. మా రోజుల్లో మా దగ్గరున్నది ఏటవాలు దూరమే చెప్పేది. మిగతాది మనమే తేల్చుకోవాలి.

ఠాకూర్ సాబ్

నాకు కొండ గురి నేర్పినాయన సుబేదార్ ఠాకూర్ సాబ్. హిమాచల్ మనిషి. మేకలు కాసిన కొండల్లోనే తుపాకీ పట్టేడు. పలకని ఒకసారి చూసేవాడు, ముక్కు గోక్కునేవాడు, ఒక అంకె చెప్పేవాడు. ఆ అంకె ఎప్పుడూ తప్పలేదు. ఎలా వచ్చిందని అడిగితే "కనిపిస్తోంది కదా" అనేవాడు.

మంచి పనివాడికీ మంచి ఉస్తాదుకీ తేడా ఉంటుందని నేను గట్టిగా చెబుతాను. ఠాకూర్ సాబ్ నేను చూసినవాళ్ళలో అందరికంటే గొప్ప గురికాడు. ఉస్తాదుగా మాత్రం ఆయన దగ్గర ఆయన ముక్కు తప్ప ఇంకేమీ లేదు. అది మాకు ఇవ్వలేడు కదా.

అందుకని ఉస్తాదునయ్యాక ఒక పంతం పట్టేను. ముక్కు లేని మైదానపు పిల్లలకి కూడా అర్థమయ్యే ఉపాయం కనిపెట్టాలని. మే నెలలో సెలవు మీద ఊరొచ్చినప్పుడు అది దొరికింది. మా కాలవ గట్టు మీద ఒక కొబ్బరిచెట్టు నీళ్ళ మీదికి బాగా వాలి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం భోజనానికి పిలుస్తూంటే వెళ్ళకుండా దాన్నే చూస్తూ నిలబడ్డాను. చెట్టు పొడుగ్గా ఉంది, దాని నీడ పొట్టిగా ఉంది. సూర్యుడు నెత్తిమీద ఉన్నాడు. చెట్టు పొడవు ఏటవాలు దూరం, నీడ పొడవు చదును దూరం! జానలతో కొలిచేను. ఎన్ని డిగ్రీల వాలుకి ఎంత తగ్గించాలో చెప్పే పట్టికతో సరిచూసేను. అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

"ఆ చెట్టుతో ఏం మాటాడుతున్నారండీ, చారు చల్లారిపోతంది" అంది మా ఆవిడ.

ఆవిడకి వివరించబోయేను. చారు మళ్ళీ వేడి చేయనని చెప్పింది.

నీడ పాఠం

అక్టోబరులో కొత్త జట్టు వచ్చింది. అందరూ కొండ ప్రాంతాల పిల్లలే, ఒక్కడు తప్ప. వాడు మన అల్లవరం వాడు, రాంబాబు. వాళ్ళ నాన్న కొబ్బరి దింపు తీస్తాడు, అంటే చెట్లెక్కి కాయలు దించే పని. అందరి ముందూ నన్ను "ఉస్తాద్" అనేవాడు, ఎవరూ లేకపోతే "మేస్టారండీ" అనేవాడు. అంత దూరంలో ఆ "అండీ" వినగానే నా ప్రాణం లేచొచ్చేది.

రాంబాబుకి అది మూడోసారి. దూరపు గురి కోర్సుకి ఎంపిక పరీక్షలో అప్పటికే రెండుసార్లు తప్పేడు. ఈసారీ తప్పితే మళ్ళీ పిలవరు. వాడికి ఆ కోర్సు తప్ప ఇంకో ఆశ లేదు. "ఈసారి వచ్చేత్తదని మా నాన్నకి చెప్పేసేనండి" అన్నాడు నాతో. పరీక్షకి ముందే నాన్నకి చెప్పేసినవాడికి ఇంక వెనక్కెళ్ళే దారి ఉండదు.

నేను మధ్యాహ్నం పన్నెండు గంటలకి జట్టుని మైదానంలో కూర్చోబెట్టేను. పది జానల కర్ర ఒకటి తీసుకుని, తూర్పువైపు కొండ మీదున్న పరీక్ష పలకకేసి గురిపెట్టినట్టు వాల్చి పాతేను. నీడ కొలిచేను. పది జానలకి ఇంచుమించు పది జానలే వచ్చింది.

అంత వాలుకీ నీడ తగ్గలేదంటే అక్కడ ఆగాలి ఎవడైనా. నేనాగలేదు. "చూశారా, ఈ వాలుకి తగ్గించాల్సింది ఏమీ లేదు" అని ప్రకటించేను. పట్టిక తీసి చూసినా, ఒక్క తూటా కాల్చి చూసినా తెలిసిపోయేది. రెండూ చెయ్యలేదు. నాకు తెలుసు కదా మరి! మా ఊళ్ళో జానలతో కొలిచేను కదా!

రాంబాబు చెయ్యెత్తేడు. "ఉస్తాద్, నీడ కాదేమో ఉస్తాద్. మా నాన్న దింపు తీసేటప్పుడు..."

"ఇక్కడ దింపు కబుర్లు వద్దు. కూర్చో" అన్నాను.

జట్టంతా నవ్వింది. వాడు కూర్చున్నాడు. ఉస్తాదు పనిలో నేను చేసిన అన్ని తప్పుల్లోకీ పెద్దది నీడ కాదు, ఆ "కూర్చో" అన్న మాట. నా ఊరి పక్కవాడు పదిమందిలో నాకు పాఠం చెబుతాడేమోనని నాకు ఉక్రోషం వచ్చింది. అంతకు మించి కారణం లేదు.

అయిదు తూటాలు

పరీక్షరోజు ఒక్కొక్కరికీ అయిదు తూటాలు. నాలుగు తగలాలి. పలక పైనుంది, ఏటవాలున అయిదువందల మీటర్లు, ముప్పై డిగ్రీలు.

కొండ పిల్లలందరూ బాగానే కాల్చేరు. వాళ్ళెవరూ నా నీడ లెక్కలు పట్టించుకోలేదని తరవాత తెలిసింది. చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు ప్రకారం పెట్టుకున్నారు. సరిగ్గా చెప్పాలంటే, నా పాఠం శ్రద్ధగా విననివాళ్ళందరూ పాసయ్యారు.

విన్నవాడు ఒక్కడే. రాంబాబు అయిదువందలు పెట్టేడు. మొదటి తూటాకి పలక మోగలేదు. పలకకి జానెడున్నర పైన బండమీద దుమ్ము లేచింది. రెండోదీ అక్కడే. వెనకనుంచి అరిచి చెప్పడానికి వీల్లేదు. మూడు, నాలుగు, అయిదు. అన్నీ గుప్పెడంత చోటులో పడ్డాయి, పలకకి పైన.

పరీక్ష పెట్టే కెప్టెన్ సాబ్ వయసులో చిన్నవాడు, కానీ తొందరపాటు మనిషి కాదు. దుర్భిణిలోంచి చూసి "ఇంత చక్కగా ఒకేచోట వేసి, ఇంత ఘోరంగా తప్పడం ఎప్పుడూ చూడలేదు. దూరం ఎవరు చెప్పేరు?" అని అడిగేడు.

రాంబాబు నిటారుగా నిలబడ్డాడు. "నేనే పెట్టేను సాబ్. తప్పు నాదే" అన్నాడు.

నేను వాడికి రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిస్తే ఉస్తాదు పని పోతుందని తెలుసు. తెరవలేదు. టీ తాగడానికి ఆపేరు. గ్లాసు పట్టుకుని ఒక బండ వెనక్కి పోయాను. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది, కానీ టీ మాత్రం తాగేను. మనిషి అలాంటివాడు.

ఠాకూర్ సాబ్ ఆ పొద్దున్నే సెలవునుంచి తిరిగొచ్చేడు. వచ్చి నా పక్కన కూర్చుని, "అయిదూ గుప్పెడంతలో పడితే వేలిది తప్పు కాదు హవల్దార్, నోటిది తప్పు. ఎవరి నోరు?" అన్నాడు.

చెప్పేశాను. కొబ్బరిచెట్టు, మే నెల, జానలు, నీడ, చారు, అన్నీ చెప్పేను. ఆయన టీ పొలమారేలా నవ్వేడు. కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు:

"మీ ఊళ్ళో సూర్యుడు నెత్తిమీదికి వస్తాడేమో. మా కొండల్లో ఆయన ఎప్పుడూ పక్కకి ఒరిగే ఉంటాడు. అక్టోబరులో ఆ నీడని నమ్మేవా? పన్నెండయినా ఇక్కడ నీ నీడే నీ పక్కన పొడుగ్గా పడుకుని ఉంటుంది, చూసుకోలేదా?"

చూసుకోలేదు. ఏడాదిన్నరగా ఆ నీడతోనే తిరుగుతున్నాను.

నవ్వడం అయ్యాక ఆయన ముఖం మారింది. "నాకు చెప్పేవు, సరే. ఇప్పుడు చెప్పాల్సినవాడికి చెప్పు" అన్నాడు.

వెళ్ళి కెప్టెన్ సాబ్‌కి చెప్పేను. కుర్రవాడు క్లాసులో అభ్యంతరం చెప్పబోతే నోరు మూయించేనని కూడా చెప్పేను. అది చెప్పడమే కష్టమైంది. ఆయన, తప్పు ఉస్తాదుదైతే మళ్ళీ కాల్పించే వీలుందనీ, రేపు పొద్దున్న లోయలో వేరే పలక పెడతామనీ, దాని తరవాత నెల్లాళ్ళు నేను పాఠం చెప్పకుండా వెనక బల్లమీద కూర్చోవాలనీ అన్నాడు. "వినడం నేర్చుకోండి" అన్నాడు. వయసులో నాకంటే పదేళ్ళు చిన్న. న్యాయంగానే అన్నాడు.

రాయి, బూటులేసు

ఇంకా ఎండ ఉండగానే రాంబాబుని వెతుక్కుంటూ వెళ్ళేను. రైఫిల్ తుడుచుకుంటున్నాడు.

"ఆ వేళ క్లాసులో ఏదో చెప్పబోయేవు" అన్నాను.

"పోన్లెండి మేస్టారండీ."

"పోనిచ్చేది కాదు. చెప్పు."

తలొంచుకుని చెప్పేడు. "మా నాన్న నీడ జోలికెళ్ళడండి. వాలిన చెట్టెక్కే ముందు కాయెక్కడ పడుద్దో చూసుకుంటాడండి. కాయెప్పుడూ నిలువునా పడుద్ది కదండీ, ఎండున్నా మబ్బున్నా. అక్కడెవరన్నా ఉంటే లెగమంటాడండి. చెట్టు మొదలు కాణ్ణుంచి కాయ పడే చోటుకి ఎంతుందో, అదే మీరు చెప్పే చదును దూరం అనుకున్నానండి. ఆయ్, తప్పైతే క్షమించండి."

తూటాని భూమి నిలువునా లాగుతుందని ఏడాదిన్నరగా నేనే పాఠం చెబుతున్నాను. నిలువునా పడేదేదో చూడకుండా నీడ వెంట పడ్డాను. బళ్ళో లెక్కల మేస్టారి దగ్గర నేర్చుకున్న నాకు తట్టనిది, చెట్టెక్కే ముందు కిందవాళ్ళ తలకాయలు కాపాడే రాంబాబు వాళ్ళ నాన్నకి తెలుసు.

ఇద్దరం కలిసి అదే పది జానల కర్ర తీసుకున్నాం. నా బూటులేసు విప్పి దానికి రాయి కట్టి, కర్ర కొసనుంచి వేలాడదీశాం. పాత పలకకేసి వాల్చేం. కర్ర మొదలునుంచి రాయి కిందున్న చోటుకి ఎనిమిదిన్నర జానలు దాటింది. అంటే అయిదువందలకి నాలుగువందల ముప్పై. పట్టికలో ఉన్నదదే. ఠాకూర్ సాబ్ దూరంనుంచి చూస్తూ ముక్కు గోక్కున్నాడు. "నాలుగువందల ముప్పై" అని అరిచేడు.

ఎంతండీ

పొద్దున్న కెప్టెన్ సాబ్ లోయలో పలక చూపించేడు. ఈసారి కిందికి. యంత్రం నాలుగువందల యాభై అంది. వాలు చాలా నిటారుగా ఉంది. రాయీ లేసూ పెట్టి చూస్తే పదికి ఎనిమిది జానలొచ్చింది. అంటే మూడువందల అరవై. నేను మూడుసార్లు కొలిచేను. అది చాలదనిపించి, ఠాకూర్ సాబ్ అనుమతి తీసుకుని, అదే వాలులో ఉన్న ఇంకో పలక మీద అదే లెక్కన మూడు తూటాలు నేనే కాల్చి చూసుకున్నాను. మూడూ తగిలాయి.

రాంబాబు తన కర్రతో తను కొలుచుకుని పడుకున్నాడు. వెనక నిలబడ్డ ఉస్తాదుని ఒక్క ప్రశ్న అడగొచ్చు, అంతే. అడగడనుకున్నాను. నిన్నటి తరవాత ఎవడడుగుతాడు?

వాడు తల తిప్పేడు. "ఎంతండీ?"

అందరి ముందూ అలాగే అన్నాడు, ఉస్తాద్ అనడం మర్చిపోయి. మూడుసార్లు కొలిచిన అంకె, మూడు తూటాలతో చూసుకున్న అంకె, నోట్లోంచి రావడానికి అంత సేపు పట్టింది.

"మూడువందల అరవై" అన్నాను.

"ఆయ్" అని చక్రం తిప్పేడు.

లోయలోంచి పలక మోత వినపడడానికి ఒక క్షణం పైనే పడుతుంది. ఆ క్షణంలో నేను చిన్నప్పటి ప్రార్థనలన్నీ చేసేశాను. మోగింది. మళ్ళీ మోగింది. అయిదుసార్లూ మోగింది. కెప్టెన్ సాబ్ చప్పట్లు కొట్టేడు. నేను బండ వెనక్కి పోయి ఏడ్చేను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

సాయంత్రం వాడు సామాను సర్దుకుంటూంటే అడిగేను. "నువ్వు లెక్క వేసుకోలేదా?"

"వేసుకున్నానండి. నాకూ మూడొందల అరవయ్యే వచ్చిందండి."

"మరెందుకడిగేవు?"

"మీరు చెప్తే బాగుంటదనిపించిందండి."

"నేను నాలుగువందలని చెప్పుంటే?"

వాడు ఆలోచించలేదు. "నాలుగొందలే పెట్టుదునండి" అన్నాడు.

అంత సంతోషం, అంత భయం నాకు ఒకేసారి ఎప్పుడూ కలగలేదు. "ఇంకెప్పుడూ అలా చెయ్యకు. నీకు తేడాగా అనిపిస్తే ఎవరి ముందైనా సరే నన్ను ఆపు" అని గట్టిగా మందలించేను.

"ఆయ్" అని నవ్వేడు వాడు.

ఆపడని ఆ నవ్వులోనే తెలిసింది. అందుకే ఆ తరవాత తొమ్మిదిన్నరేళ్ళూ, ముందు నేనే కాల్చి, రైఫిల్ తన్ను నా భుజం మీద తిని చూసుకోని అంకె ఒక్కటి కూడా నేను ఏ కుర్రాడికీ చెప్పలేదు.